కప్పు పోయిన మిల్లులు: హైదరాబాద్ పాత ఫ్యాక్టరీల భవితవ్యం

ఫ్యాక్టరీకి తాళం పడిన రోజున కట్టడానికి ఏమీ కాదు. మొదట యంత్రాలు వేలానికి పోతాయి. వాటి వెనకే మోటార్లు, రాగి తీగలు, తలుపులకున్న ఇత్తడి బందులు పోతాయి. కొన్నాళ్లకు కాపలా మనిషి జీతం ఆగుతుంది. అప్పుడు కప్పు మీది రేకులు ఒక్కొక్కటిగా కదలడం మొదలవుతుంది. రేకులు ఊడాక వాటిని మోసిన ఇనుప చట్రం కూడా తుక్కు కింద తూకానికి వెళ్తుంది. కప్పు ఉన్నంతకాలం డంగు సున్నపు గోడ నూరేళ్లయినా నిలుస్తుంది. పైనుంచి నీళ్లు దిగడం మొదలైతే రెండు మూడు వానాకాలాల్లోనే లోపల్లోపల గుల్లబారుతుంది. పగుల్లోంచి రావి మొక్క తల ఎత్తుతుంది. చివరికి ఒక ఇంజనీరు వచ్చి ‘శిథిలావస్థలో ఉంది’ అని రాసిస్తారు. కూల్చడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఈ వరస తెలిస్తే హైదరాబాద్ పాత ఫ్యాక్టరీల కథ సగం తెలిసినట్టే. మిగతా సగం కాగితాల్లో ఉంది. ఏ కట్టడం నిలిచింది, ఏది నేలమట్టమైంది, ఏది ఏళ్ల తరబడి తుప్పు పట్టింది అనేది గోడల బలాన్ని బట్టి తేలలేదు. స్థలం ఎవరిది, ఏ షరతు మీద దక్కింది, దాన్ని అమ్ముకునే హక్కు ఎవరికుంది అనే ప్రశ్నలే తేల్చాయి. కట్టడాన్ని కట్టడంగా చూసిన సందర్భాలు చాలా అరుదు. నగరానికి జరిగిన అసలు నష్టం అక్కడే ఉంది.

నవాబుల నగరం అనీ, ముత్యాల నగరం అనీ, ఆ తర్వాత ఐటీ నగరం అనీ చెప్పుకుంటూ పోయే కథలో మధ్యన ఉన్న ఒక శతాబ్దం జారిపోతుంది. అది ఫ్యాక్టరీల శతాబ్దం. దాని వేళ్లు ఇంకా వెనక్కి ఉన్నాయి. ఫ్రెంచి సేనాని రేమండ్ 18వ శతాబ్ది చివర ఫిరంగులు పోత పోయించిన చోటును ఇప్పటికీ గన్‌ఫౌండ్రీ అనే పిలుస్తున్నాం. సికింద్రాబాద్‌లో కార్ఖానా అనే పేటే ఉంది. సైఫాబాద్ టంకశాల 1903లో మొదలైంది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున థర్మల్ విద్యుత్ కేంద్రం, చెరువు కట్టకు దిగువన దివాన్ బహదూర్ రాంగోపాల్ (డీబీఆర్) మిల్లు 1920 నాటివి. 1929లో నిజాం ప్రభుత్వం పరిశ్రమలకు పెట్టుబడి సమకూర్చేందుకు ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటు చేసింది. 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో (వీఎస్టీ) కంపెనీ, 1942లో ఆల్విన్, 1943లో ప్రాగా టూల్స్ వచ్చాయి. సనత్ అంటే ఉర్దూలో పరిశ్రమ. సనత్‌నగర్ అన్న పేరులోనే ఆ కాలపు ఆశ ఉంది.

ఇవన్నీ ఒకప్పుడు ఊరి అంచున పెట్టినవే. నీళ్లు, రైలు పట్టాలు దగ్గరగా ఉండాలన్నది అప్పటి లెక్క. బొగ్గు రైల్లో దిగాలి, బాయిలర్లకు చెరువు నీళ్లు అందాలి. అందుకే తొలి ఫ్యాక్టరీలు హుస్సేన్‌సాగర్ చుట్టూ, ముషీరాబాద్ వైపు గుమిగూడాయి. ఆ తర్వాతివి సనత్‌నగర్, బాలానగర్, మౌలాలి దిక్కుకు జరిగాయి. జీడిమెట్ల, నాచారం, కాటేదాన్ ఇంకా తర్వాత వచ్చాయి. ఊరు పెరిగి ఒక్కో వలయాన్నీ తనలో కలుపుకుంది. పొగ కోసం దూరంగా పెట్టిన చోటు పట్టణం నడిమధ్యకు వచ్చింది. చెరువు ఒడ్డు కనక ఫ్యాక్టరీకి అనువైన స్థలమే, చెరువు ఒడ్డు కనక వినోదానికీ వాణిజ్యానికీ ఖరీదైన స్థలమైంది. నేల విలువ పెరిగినకొద్దీ దాని మీదున్న కట్టడం విలువ సున్నాకు దగ్గరవుతూ వచ్చింది.

హుస్సేన్‌సాగర్ విద్యుత్ కేంద్రం విషయంలో ఇది స్పష్టంగా కనబడుతుంది. 22.5 మెగావాట్ల కేంద్రం అది. దేశంలో తొలినాళ్ల థర్మల్ కేంద్రాల్లో ఒకటి. హైదరాబాద్ వీధులకు కరెంటు దీపాలు వచ్చిన కథలో దానికి పెద్ద పాత్ర ఉంది. 1995లో దాన్ని కూల్చేశారు. ఆ ఆవరణలో తర్వాత ఎన్టీఆర్ గార్డెన్స్, ఐమాక్స్ థియేటర్ వెలిశాయి. అదే సంవత్సరాల్లో లండన్‌లో థేమ్స్ ఒడ్డున బ్యాంక్‌సైడ్ అనే మూతపడ్డ విద్యుత్ కేంద్రం ముందు కూడా ఇదే ప్రశ్న నిలిచింది. 1981లో ఆగిపోయిన ఆ కేంద్రాన్ని చిత్రకళా ప్రదర్శనశాలగా మార్చాలని 1994లో నిర్ణయించారు. 2000లో టేట్ మోడరన్ పేరుతో తెరిచారు. టర్బైన్లు తిరిగిన హాలే ఇప్పుడు దాని ముఖద్వారం. రెండు చోట్లా నీటి ఒడ్డు ఉంది, ఎత్తయిన హాలు ఉంది, ఆగిపోయిన యంత్రాలు ఉన్నాయి. హైదరాబాద్‌లో కూల్చివేతకు ముందు వేరే దారి ఉందా అన్న చర్చ ప్రజల మధ్య గట్టిగా జరిగి ఉంటే బాగుండేది. ఒడ్డున ఉద్యానవనమూ రావచ్చు, దాని మధ్యలో పాత హాలూ నిలవవచ్చు. ఒకటి వస్తే ఇంకొకటి పోవాలన్న నియమం లేదు.

ఇందులో గుర్తుంచుకోవలసిన తేదీ ఒకటుంది. హైదరాబాద్‌లో కాపాడవలసిన వారసత్వ కట్టడాల జాబితా అధికారికంగా వెలువడింది కూడా 1995 డిసెంబరులోనే. అందులో ప్యాలెస్‌లు, దేవిడీలనే నవాబుల భవంతులు, మసీదులు, గుళ్లు, కళాశాలలు, గ్రంథాలయాలు ప్రధానం. రాతి గుట్టలకూ చోటు దక్కింది, అది మంచి పని. నవాబు నివసించిన ఇల్లు వారసత్వం అయినంత సులువుగా, నాలుగు తరాల కూలీలు షిఫ్టులు చేసిన షెడ్డు వారసత్వం కాలేకపోయింది. ఆ జాబితాకు చట్టబలం ఇచ్చిన హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) 13వ నియమాన్ని 2015లో తొలగించారు. దాని స్థానంలో 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. కొత్త చట్టంలో ఫ్యాక్టరీలకు అడ్డు చెప్పే మాట ఏదీ లేదు. ఎవరైనా అడగాలి, ఎవరో ఒకరు జాబితాలో రాయాలి. చిక్కంతా అక్కడే ఉంది.

నిలిచిన కట్టడానికి ఉదాహరణ సైఫాబాద్ టంకశాల. నిజాం నాణేలు ముద్రించిన ఆ ప్రాంగణం 1950లో కేంద్ర ప్రభుత్వం చేతికి వెళ్లింది. నాణేల తయారీ 1997లో చర్లపల్లికి మారింది. పాతిక సంవత్సరాల తర్వాత, 2022 జూన్‌లో అదే ఆవరణలో టంకశాల మ్యూజియం తెరుచుకుంది. అచ్చులు, తూకపు త్రాసులు, పాత నాణేలు అవి పుట్టిన కప్పు కిందే కనబడతాయి. ఈ ఫలితానికి కారణం ఎవరి సౌందర్య దృష్టో అనుకుంటే పొరపాటు. యజమాని ఒక్కరే, అదీ ప్రభుత్వ సంస్థ. తనఖా లేదు, వాటాదారుల తగాదా లేదు, అమ్మి అప్పు తీర్చాల్సిన అవసరం లేదు. పాతికేళ్లు ఆగినా ఎవరూ రేకులు ఊడదీయలేదు. ఆ నింపాదితనం చాలా ఫ్యాక్టరీలకు దొరకదు.

నూలు మిల్లుకు అసలే దొరకదు. లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గరి డీబీఆర్ మిల్లు పేరు ఇప్పటికీ ఆ చుట్టుపక్కల చిరునామాల్లో ఉంది. సికింద్రాబాద్‌లోని రాంగోపాల్‌పేట పేరు కూడా మిల్లు పెట్టిన సేఠ్ రాంగోపాల్‌దే. మిల్లు మాత్రం మూతపడి దశాబ్దాలు గడిచాయి. దేశంలో మిల్లులు ఒకదాని వెనక ఒకటి ఖాయిలా పడిన కాలం అది. 1985 నాటి ఖాయిలా పరిశ్రమల చట్టం కింద బీఐఎఫ్ఆర్ (పరిశ్రమల, ఆర్థిక పునర్నిర్మాణ బోర్డు) ముందు ఫైళ్లు ఏళ్ల తరబడి నడిచేవి. 2016లో దివాలా స్మృతి వచ్చాక ఆ పని ఆస్తులు అమ్మి అప్పు తీర్చే లిక్విడేటర్ల చేతికి వచ్చింది. రెండు పద్ధతుల్లోనూ లెక్క ఒకటే: స్థలానికి ఒక ధర, యంత్రాలకు ఒక ధర, కట్టడానికి తుక్కు ధర. అప్పిచ్చిన బ్యాంకు దృష్టిలో నూరేళ్ల నాటి గోడ అంటే కూల్చేందుకు అయ్యే ఖర్చు మాత్రమే.

అసలు ఆ కట్టడంలో ఏముందో ఒకసారి దగ్గరగా చూడాలి. పాత నూలు మిల్లుల కప్పు రంపపు పళ్ల వరసలా ఉంటుంది. ప్రతి పంటికీ ఒక వైపు ఏటవాలుగా పెంకు గానీ రేకు గానీ, రెండో వైపు నిటారుగా అద్దం. ఆ అద్దాల వైపు ఉత్తరానికి తిరిగి ఉంటుంది. ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం రోజంతా ఒకే తీరుగా మగ్గాల మీద పరుచుకుంటుంది. తెగిన పోగు కంటికి ఆనాలంటే ఆ వెలుతురే కావాలి. ఈ కప్పు ఇంగ్లండ్ మిల్లుల నుంచి వచ్చింది. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు, ఉత్తరానికి దాటడు. హైదరాబాద్ 17.4 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి మిట్టమధ్యాహ్నం నీడ మాయమవుతుంది. ఆ రెండు తేదీల మధ్య దాదాపు 3 నెలలు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే ఎండను రానివ్వకూడదని పెట్టిన అద్దంలోంచే వేసవిలో ఎండ లోపలికి జారుతుంది. అద్దానికి పలుచగా తెల్లరంగు పూస్తే, చూరు కాస్త ముందుకు పొడిగిస్తే సరిపోయే చిక్కే ఇది. మిగతా 9 నెలలు ఆ హాలులో పగటిపూట దీపం వెలిగించే పని ఉండదు.

హాలు లోపల అడ్డుగోడలుండవు. వరసగా పోత ఇనుము స్తంభాలు, ఎత్తయిన కప్పు, బరువైన యంత్రాలు మోసిన గట్టి నేల. గ్రంథాలయానికైనా, శిక్షణ కేంద్రానికైనా, చేనేత సంతకైనా, నాటకాల సాధనకైనా ఇంతకంటే అనువైన గది కొత్తగా కట్టాలంటే చాలా ఖర్చవుతుంది. నివాసపు ఇంటిని మార్చడం కష్టం, గదులు అడ్డొస్తాయి. గుడినీ మసీదునూ మార్చకూడదు. కట్టడాలన్నిటిలోకీ కొత్త పనికి తేలిగ్గా ఒదిగేది ఫ్యాక్టరీ షెడ్డే. అయినా అదే అందరికంటే ముందు కూలుతోంది. అది నిలబడి ఉన్న నేల విశాలంగా, ఒకే సర్వే నంబరులో, రోడ్డు పక్కన ఉండటమే దానికి శాపమైంది.

ఆజామాబాద్ పారిశ్రామికవాడది ఇంకో రకం చిక్కు. నిజాం కాలంలో ఇక్కడి ప్లాట్లను పరిశ్రమలకు లీజుకిచ్చారు. నేల ప్రభుత్వానిది, పైన కట్టింది కంపెనీది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, బాగ్‌లింగంపల్లి మధ్యన నగరం నడిబొడ్డున ఉన్న స్థలం. తరాలు మారేసరికి కొన్ని ప్లాట్లు గోదాములయ్యాయి, కొన్ని చేతులు మారాయి. 1992లో ఈ ఒక్క పారిశ్రామికవాడ లీజుల రద్దు, క్రమబద్ధీకరణ కోసమే ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. మూడు దశాబ్దాల తర్వాత, 2022 సెప్టెంబరులో శాసనసభ ఆ చట్టానికి సవరణ బిల్లును ఆమోదించింది. అది గవర్నర్ దగ్గర నెలల తరబడి ఆగిన బిల్లుల్లో ఒకటి. ఇంతకాలం నేల మీద హక్కు తేలకపోతే కట్టడానికి ఏం జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. రేపు ఉంటామో లేదో తెలియని లీజుదారు కప్పు బాగుచేయించడు. స్వాధీనం చేసుకోని ప్రభుత్వం రూపాయి ఖర్చు పెట్టదు. వాన మాత్రం ఏటా వస్తుంది.

అక్కడే వీఎస్టీ చిరునామా మారకుండా నిలిచింది. చార్మినార్ సిగరెట్లతో పేరుపొందిన కంపెనీ అది. పొగాకు ఆరోగ్యానికి చేసిన కీడును ఎవరూ కాదనలేరు. కట్టడాల పరంగా చూస్తే మాత్రం, వాడుకలో ఉన్న ఫ్యాక్టరీ తనను తానే కాపాడుకుంటుందని చెప్పడానికి అది రుజువు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 2023 ఆగస్టులో ప్రారంభమైన ఉక్కు వంతెనకు నాయిని నర్సింహారెడ్డి పేరు పెట్టారు. ఆయన హోంమంత్రి కాకముందే వీఎస్టీ కార్మిక సంఘం నాయకుడు. ఒక ఫ్యాక్టరీ గేటు ముందు జరిగిన సభల నుంచి ఎదిగిన మనిషి పేరు ఆ గేటు వైపు వెళ్లే దారికి ఉండటం మంచి సంగతి. నగరంలో కార్మికుల చరిత్ర బయటికి కనబడే అరుదైన చోట్లలో అదొకటి.

ఆల్విన్, ఐడీపీఎల్ (ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్) సంగతికి వస్తే, ఆ కట్టడాల మీద జాలి పడేవారు కూడా తక్కువే. సున్నపు గోడ, పోత ఇనుము స్తంభం కంటికి పాతగా కనిపిస్తాయి. 1960ల కాంక్రీటు షెడ్డు అలా కనిపించదు, అదింకా మొన్నటిదే అనిపిస్తుంది. ఆల్విన్ ఈ నగరానికి బస్సుల బాడీలు కట్టింది, ఫ్రిజ్‌లు, గడియారాలు చేసింది. 1990ల్లో ముక్కలైంది, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి వెళ్లింది. ఇప్పుడు ఆల్విన్ అంటే మియాపూర్‌లో ఒక క్రాస్‌రోడ్స్, కూకట్‌పల్లిలో ఒక కాలనీ. ఐడీపీఎల్‌ది ఇంకా పెద్ద కథ. 1961లో ఏర్పడిన ఆ ప్రభుత్వ సంస్థ సోవియట్ సాయంతో బాలానగర్ వద్ద మందుల ఫ్యాక్టరీ నిర్మించింది. డాక్టర్ రెడ్డీస్ స్థాపకుడు అంజిరెడ్డి మొదట పనిచేసింది అక్కడే. అక్కడ పని నేర్చిన రసాయన శాస్త్రజ్ఞులు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. హైదరాబాద్ ఈనాడు మందుల రాజధాని అని చెప్పుకోవడానికి మొదటి బడి ఐడీపీఎల్. ఆ బడి తాలూకు ఒక్క ప్రయోగశాలనైనా, ఒక్క రియాక్టర్ షెడ్డునైనా మందుల చరిత్ర చెప్పే మ్యూజియంగా నిలిపితే, అలాంటిది దేశంలో ఇంకే ఊరూ ఇంత హక్కుగా పెట్టుకోలేదు.

ఇప్పుడీ ప్రశ్న ఒక్కో ఫ్యాక్టరీది కాదు. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం పారిశ్రామిక భూముల పరివర్తన విధానాన్ని ప్రకటించింది. బాలానగర్, కాటేదాన్, జీడిమెట్ల వంటి 22 పారిశ్రామికవాడల్లోని సుమారు 9,292 ఎకరాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఆ భూముల్లో నివాసాలు, వాణిజ్యం, ఆఫీసులు కట్టుకోవచ్చు. అందుకు రిజిస్ట్రేషన్ విలువలో 80 అడుగులకు లోపు రోడ్డున్న చోట 30 శాతం, అంతకు మించిన రోడ్డున్న చోట 50 శాతం ఫీజు కట్టాలి. దరఖాస్తుకు 6 నెలల గడువు పెట్టారు. దీని మీద రాజకీయ వాదం అంతా భూముల ధర చుట్టూ నడిచింది. ప్రభుత్వం చౌకగా ఇచ్చేస్తోందని ప్రతిపక్షం, కాలుష్యం ఊరి బయటికి పోతుందని ప్రభుత్వం. రెండూ చర్చించాల్సిన మాటలే. కానీ ఫీజు లెక్కలో గజాలున్నాయి, రోడ్డు వెడల్పు ఉంది. ఆ గజాల మీద ఇప్పుడు ఏం నిలబడి ఉందన్న ప్రశ్నకు అందులో స్థానం లేదు.

ముంబయి అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 1982లో కార్మిక నాయకుడు దత్తా సామంత్ నాయకత్వాన జరిగిన సమ్మె తర్వాత అక్కడి నూలు మిల్లులు వరసగా మూతపడ్డాయి. 1991 నియమావళి ప్రకారం మిల్లు భూమిలో ఒక వాటా నగరానికి బహిరంగ స్థలంగా, ఒక వాటా ప్రభుత్వ గృహనిర్మాణానికి, మిగిలింది యజమానికి. 2001లో ఒక సవరణ వచ్చింది. వాటాల లెక్క మొత్తం భూమి మీద కాకుండా, కట్టడాలు లేని ఖాళీ స్థలం మీదే వేయాలన్నారు. మిల్లుల్లో ఖాళీ స్థలం ఎంత ఉంటుంది? నగరానికి దక్కాల్సిన భాగం చిన్న చిన్న ముక్కలకు కుదించుకుపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఫీనిక్స్ మిల్లు మాల్‌గా మారింది. దాని పొగగొట్టం మాత్రం నిలిపారు. ఒకే ఒక్క వాక్యం మారినందుకు ఒక మహానగరం వందల ఎకరాల్లో తన వాటా పోగొట్టుకుంది. హైదరాబాద్ ఉత్తర్వులను పంక్తి పంక్తీ చదవాల్సిన అవసరం అందుకే.

ప్రతి షెడ్డునూ నిలపాలని ఎవరూ అనరు, అనకూడదు కూడా. చాలా వాటి మీద ఉన్నవి ఆస్‌బెస్టాస్ రేకులు. అవి పగిలితే లేచే సన్నని పీచు ఊపిరితిత్తులకు ప్రమాదం. కాటేదాన్ పారిశ్రామికవాడ మట్టిలో సీసం, క్రోమియం వంటి భారలోహాలు మోతాదు మించి ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) శాస్త్రవేత్తలు పరీక్షించి తేల్చారు. అలాంటి నేల మీద ఇళ్లు లేపేముందు మట్టి పరీక్ష తప్పనిసరి చేయాలి. ఆ ఖర్చు అమ్ముకునేవారు భరించాలి తప్ప రేపు ఫ్లాట్ కొనే కుటుంబం పిల్లల ఆరోగ్యంతో చెల్లించకూడదు. పాత కట్టడం నిలపడం కంటే ఇది ముందు తేలాల్సిన పని.

ఏది నిలపాలి, ఏది వదలాలి అని తేల్చడానికి ముందు ఏమేమి ఉన్నాయో తెలియాలి. అందుకు జాబితా కావాలి. దాన్ని మొదటి అక్షరం నుంచి రాయక్కర్లేదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏ ఫ్యాక్టరీ కట్టినా, విస్తరించినా దాని నమూనా పటం ముందుగా ఫ్యాక్టరీల శాఖ ఆమోదం పొందాల్సి ఉండేది. అంటే ఈ నగరంలో ఆ చట్టం అమల్లోకి వచ్చాక లేచిన షెడ్ల కొలతలు, స్తంభాల వరసలు, కప్పు వాలు, బాయిలర్ గది జాగా అన్నీ ఒక ప్రభుత్వ శాఖ చేతి మీదుగానే వెళ్లాయి. భూవినియోగం మార్చమని వచ్చే ప్రతి దరఖాస్తుకూ ఆ పటం నకలు ఒకటి, లోపలి నుంచి కప్పు కనబడేలా తీసిన ఫొటోలు నాలుగు జత చేయాలని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. యజమానికి అది ఒక్క పూట పని. 6 నెలల గడువులోనే తెమిలిపోతుంది.